లాగినా కదలని రింగు

"కోళ్ళకేం కాలేదు కదా?"

ఆసుపత్రి మంచం మీద, కుడిచెయ్యి మెడకు కట్టించుకుని కూర్చున్న క్లెమ్ ఫెనెల్ అడిగిన మొదటి ప్రశ్న అది. ప్రశ్నలు అడగడానికి వచ్చిన డిటెక్టివ్ సార్జంట్ లోయిస్ పాస్కో ముందు జవాబు చెప్పుకోవలసి వచ్చింది.

"ఏం కాలేదు. కానీ అవి ఇక జన్మలో గుడ్లు పెట్టవని మీ పక్కింటావిడ పందెం కాస్తోంది."

"పెడతాయి. కాస్త నురగతో పెడతాయి." క్లెమ్ నవ్వబోయి, విరిగిన ఎముక కలుక్కుమనడంతో మొహం చిట్లించాడు.

నిన్న సాయంత్రం అతని పెరటి షెడ్డులో బీరు నింపిన ప్లాస్టిక్ పీపా ఒకటి పేలింది. పేలడమంటే మామూలుగా కాదు. దాని పెద్ద ముక్క రేకుల కప్పును చీల్చుకుని పైకెగిరి, రెండిళ్ళ ప్రహరీ దాటి పక్కింటి కోళ్ళ గూటి మీద పడింది. క్లెమ్ ఆ క్షణంలో గుమ్మం దగ్గర వంగి బూటు లేసు కట్టుకుంటున్నాడు. నిలబడి ఉంటే ఈపాటికి ఆసుపత్రి వాళ్ళకు అతనితో పనుండేది కాదు.

ఆస్ట్రేలియాలోని ఆ బల్లారాట్ ఊరంతా పొద్దుటినుంచీ దీని గురించే నవ్వుకుంటోంది. నవ్వడానికి కారణం వేరే ఉంది. రిటైరైన ట్రామ్ డ్రైవర్ క్లెమ్, ఇళ్ళలో బీరు కాచుకునే వాళ్ళ క్లబ్బులో పెద్ద తలకాయ. ఈ మధ్యాహ్నం, పచ్చిక మీద ఆడే బౌలింగ్ క్లబ్ హాల్లో వాళ్ళ వసంత బీరు పోటీ. అక్కడ 'ప్రమాదం లేని గ్యాస్ రెగ్యులేటర్ ఎంచుకోవడం ఎలా' అన్న విషయం మీద ఉపన్యాసం ఇవ్వవలసినవాడు క్లెమ్ ఫెనెలే!

"మా ఇన్‌స్పెక్టర్ ఈ కేసు నాకిచ్చి గదిలోంచి బయటికెళ్ళి మరీ నవ్వాడు," అంది లోయిస్, కుర్చీ దగ్గరికి లాక్కుంటూ. "మీరు మాత్రం ఇది ప్రమాదం కాదంటున్నారు. ఎందుకని?"

"ఎందుకంటే ఆ రెగ్యులేటర్ ఎంచుకున్నది నేను."

"అది చాలదు."

"చాలదా? అయితే విను, అమ్మాయ్. సోడా గ్యాస్ సిలిండర్లో ఉన్నది ఆబోతు. పీపాలో బీరుకు కావలసింది దాని ఊపిరి మాత్రమే. ఆబోతును లోపలే నిలబెట్టి ఊపిరి బయటికి వదిలే తలుపు పేరు రెగ్యులేటర్. తలుపు మంచిదా కాదా చూడకుండా ఎవడైనా ఆబోతును కట్టేసుకుంటాడా? వెల్డింగ్ వాళ్ళది పనికిరాదు, దాని మీటరు మన లెక్కకు మరీ పెద్దది. సోడా గ్యాస్ కోసమే చేసినదై ఉండాలి. కింద సేఫ్టీ వాల్వ్ ఉండాలి, దానికో రింగు ఉండాలి. లోపల ఏదైనా చెడి ఒత్తిడి పెరిగితే ఆ వాల్వ్ తనంతట తనే తెరుచుకుని గ్యాసును గదిలోకి వదిలేస్తుంది. మీ ఇంట్లో కుక్కరు మీద ఉంటుందే, అలాంటిదే. నేను మావిస్ షాపులో అరపూట కూర్చుని, రింగు లాగి చూసి మరీ కొన్నాను."

"లాగితే కదిలిందా?"

"స్ప్రింగు మీద పిల్లనక్కలా ఎగిరింది."

"ఇంటికొచ్చాక మళ్ళీ లాగారా?"

"లేదు. షాపులో చూశాక ఇంట్లో మళ్ళీ ఎవడు చూస్తాడు?"

మంచానికి అవతలి పక్క కూర్చున్న నెవిల్ డోలన్ నిట్టూర్చాడు. అతను క్లబ్బు కార్యదర్శి. శుభ్రంగా దువ్విన తెల్లజుట్టు, మెడలో క్లబ్బు టై, చేతిలో క్లెమ్ కోసం తెచ్చిన ద్రాక్షపళ్ళు. అందులో సగం మాట్లాడుతూ తనే తినేశాడు.

"క్లెమ్‌ని ఇబ్బంది పెట్టకండి, సార్జంట్. వయసైపోయింది, ఎక్కడో ఏదో మరిచిపోయి ఉంటాడు," అన్నాడు మెత్తగా.

"వయసు నీకైపోయింది. నాకు ఎముక విరిగింది, అంతే," అన్నాడు క్లెమ్.

"సరే, సరే. మధ్యాహ్నం నీ ఉపన్యాసం నేనిస్తాను. హాలు పీపాకు గ్యాసు కూడా నేనే తిప్పుతాను. నువ్వు పడుకో."

"రింగు గురించి చెప్పడం మరిచిపోకు, నెవిల్!"

"ఎలా మరిచిపోతాను?" అంటూ డోలన్ టై సర్దుకుని వెళ్ళిపోయాడు.

లోయిస్ ఆఖరి ప్రశ్న అడిగింది. "నిన్న మీరు ముట్టుకున్నదేమిటి?"

"సిలిండర్ వాల్వ్ ఒక్కటే. రెగ్యులేటర్ మర పూర్తిగా వదులుగా ఉంది, అంటే గ్యాసు దాటకుండా ఆపేసినట్టు. వదులుగా ఉందో లేదో చూడకుండా నేను సిలిండర్ తెరవను. తెరిచాను, లేసు ఊడిందని గుమ్మం దగ్గరికి వెళ్ళాను. పీపా ఉబ్బినట్టు మూలిగింది. తర్వాత నేను పక్కింటి గులాబీ మొక్కల్లో ఉన్నాను."

* * *

షెడ్డు తలుపు తెరిచి ఉంది. లోపల ఒక మనిషి మోకాళ్ళ మీద కూర్చుని, బూడిదరంగు సూటుకు బీరు తగలకుండా నానా తంటాలు పడుతూ ఫోటోలు తీస్తున్నాడు.

"హెస్కెత్!" అంది లోయిస్. "పోలీసుల టేపు దాటి రాకూడదని మీ కంపెనీలో నేర్పరా?"

గ్రాంట్ హెస్కెత్ బీమా కంపెనీ తరఫున ప్రమాదాల విచారణ చేస్తాడు. కిందటేడు బేకరీ కాలిపోయిన కేసులో లోయిస్ కన్నా ఒక రోజు ముందే నిప్పు ఎక్కడ పుట్టిందో కనిపెట్టాడు. అప్పటినుంచీ ఎక్కడ ఎదురుపడినా ఆ విషయం మాటల్లో దొర్లించకుండా ఉండడు.

"టేపు కిందనుంచి వచ్చాను, సార్జంట్ గారూ. దాటలేదు." లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు. "మీకు శ్రమ తప్పించాను. బేకరీలోలాగే. ఇదిగో చూడండి, పీపా మూత. దీంట్లో కూడా ఒక సేఫ్టీ వాల్వ్ ఉంది. ఎండిపోయిన బీరు పట్టేసి మూసుకుపోయింది. ముసలాయన కడగలేదు. అజాగ్రత్త. ఫైలు మూసేద్దామా?"

పీపా తునాతునకలైనా దాని మూత చెక్కుచెదరలేదు. లోయిస్ దాన్ని వేళ్ళ మధ్య తిప్పి చూసింది. అంచున గోధుమరంగు మరక ఉన్నమాట నిజమే.

"మూసుకుపోయిందని చూసి చెబుతున్నావా, ఊహించి చెబుతున్నావా?"

"పాతికేళ్ళ అనుభవంతో చెబుతున్నాను."

"అంటే ఊహించి."

గోడవార అదే కొలత పీపా మరొకటి ఖాళీగా ఉంది. లోయిస్ పెరట్లోని నీళ్ళ గొట్టం తెచ్చి దాన్ని దాదాపు అంచుదాకా నింపింది. లోపల గాలి ఎంత తక్కువుంటే పగిలినా అంత తక్కువ ప్రమాదం. పేలిన పీపా మూత దానికి బిగించి, క్లెమ్ బీరు గొట్టాలను శుభ్రం చేసుకునే కాలిపంపు తెచ్చి గ్యాసు గొట్టానికి తగిలించింది.

"తొక్కు," అంది హెస్కెత్‌తో.

"నేనా?"

"అనుభవం నీదేగా!"

హెస్కెత్ కోటు విప్పి ఒక మేకుకు తగిలించి, తొక్కడం మొదలుపెట్టాడు. నాలుగు తొక్కులకే టై వదులు చేసుకున్నాడు. ఇంకాసేపటికి చెవులు ఎర్రబడ్డాయి. పంపు మీటరు ముల్లు మెల్లగా జరుగుతూ, పీపా మీద రాసిన హద్దుకు చేరింది.

తుస్సు...!

మూతలోంచి సన్నటి నీటి తుంపర లేచి హెస్కెత్ ముఖమంతా తడిపేసింది. అతను పంపు వదిలి రెండడుగులు వెనక్కి గెంతాడు.

"వాల్వ్ బ్రహ్మాండంగా పనిచేస్తోంది," అంది లోయిస్. "నువ్వే తొక్కావు, నువ్వే సాక్షివి. మరి నిన్న ఎందుకు పగిలింది?"

హెస్కెత్ జేబురుమాలుతో మొహం తుడుచుకుంటూ ఆలోచించాడు. గర్విష్టే గాని మూర్ఖుడు కాదు. "ఈ చిన్న చిల్లు వదలగలిగినదానికన్నా వేగంగా గ్యాసు లోపలికి దూసుకొచ్చి ఉండాలి."

"రెగ్యులేటర్ దాటి రావాలి కదా?"

ఇద్దరూ ఒకేసారి సిలిండర్ వైపు తిరిగారు. నీలం మూత రెగ్యులేటర్ ఇంకా దానికి బిగించే ఉంది. లోయిస్ వంగి చూసింది. మర పూర్తిగా వదులుగా ఉంది, క్లెమ్ చెప్పినట్టే. అంటే చుక్క గ్యాసు కూడా దాటకూడదు. కానీ పీపా వైపు మీటరులో ముల్లు అంకెలన్నీ దాటిపోయి, ఆఖర్న ఉన్న మేకుకు తగిలి, వంకర తిరిగి అక్కడే ఇరుక్కుపోయింది.

"మర ఏమో 'ఆపేశాను' అంటోంది. ముల్లు ఏమో 'మొత్తం వదిలేశాను' అంటోంది," అంది లోయిస్. "రెండింట్లో ఒకటి అబద్ధం."

"మర అబద్ధం. లోపలి భాగం చితికిపోయి ఉంటుంది. చవక సరుకు కొన్నాడు. మళ్ళీ అజాగ్రత్తే!" హెస్కెత్ రెగ్యులేటర్ వైపు చెయ్యి చాచాడు. "ఇది మా లేబొరేటరీకి పోవాలి."

లోయిస్ అతని మణికట్టు మీద స్పానరుతో మెల్లగా తట్టింది. "ముందు నాతో పోవాలి. లోపలిది చితికినా, కింద సేఫ్టీ వాల్వ్ ఉంది చూడు. అది ఎందుకు తెరుచుకోలేదు?"

ఆ మాట అంటూనే ఆమె సిలిండర్ మూసేసి, రెగ్యులేటర్ విప్పి, సంచిలో వేసుకుంది.

"ఎక్కడికి?"

"అమ్మినావిడ దగ్గరికి. కావాలంటే రా. కోటు మరిచిపోకు."

* * *

మావిస్ క్విల్టీ షాపులో మాల్టు గింజల వాసన. ఆవిడ అరవై దాటిన మనిషి, మెడలో కళ్ళజోడు వేలాడేసుకుని, వచ్చినవాడు కొన్నా కొనకపోయినా సలహా ఇవ్వకుండా పంపదు.

"క్లెమ్ ఎలా ఉన్నాడు, తల్లీ? నా షాపులో కొన్నది పేలిందంటే నాకు రాత్రి నిద్ర లేదు. ఇరవయ్యేళ్ళుగా ఒక్క కంపెనీ సరుకే తెప్పిస్తున్నాను."

"క్లెమ్‌కి మీరు చూపించిన రెగ్యులేటర్ ఏది?"

"ఇదిగో, అద్దాల అరలో పెట్టినది." మావిస్ తీసి బల్ల మీద పెట్టింది. లోయిస్ సంచిలోంచి క్లెమ్‌ది తీసి పక్కన పెట్టింది. అదే నీలం మూత, అదే ఇత్తడి మెరుపు, అదే పేరు. తల్లికి కూడా తేడా తెలియని కవలల్లా ఉన్నాయి.

"చూశారా! చూపించినదే అమ్మింది. ఇందులో కేసేముంది?" అన్నాడు హెస్కెత్.

"మావిస్, చూపించిన దాన్నే కట్టిచ్చారా?"

"అదెలా ఇస్తాను? అది చూపించడానికి. వెనక అరలోంచి సీలు వేసిన కొత్త డబ్బా ఇచ్చాను."

లోయిస్ అద్దాల అరలో ఉన్నదాని రింగు లాగింది. టిక్కుమని వచ్చి, వదలగానే వెనక్కి పోయింది. తర్వాత క్లెమ్ కొన్నదాని రింగు పట్టుకుని లాగింది. కదల్లేదు. గట్టిగా లాగింది. ఊహూఁ.

"ఇలా ఇవ్వండి. పేలుడు వేడికి బిగుసుకుని ఉంటుంది," అన్నాడు హెస్కెత్. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురులో తిప్పి చూశాడు. తిరిగి వచ్చేసరికి గొంతులో ఆ ఎకసెక్కం లేదు. "బిగుసుకోలేదు. వాల్వే లేదు. రింగూ, వాల్వూ, కింది ఇత్తడీ అన్నీ కలిపి ఒకే ముద్దగా పోతపోశారు. ఇది బొమ్మ, సార్జంట్. లోపల చిల్లే లేదు."

"నకిలీ," అంది లోయిస్.

"నా షాపులోనా?" మావిస్ కళ్ళజోడు పెట్టుకుని, వెనక అరలోంచి డబ్బాలన్నీ బల్ల మీద కుమ్మరించింది. ముగ్గురూ తలా ఒకటి విప్పి రింగులు లాగడం మొదలుపెట్టారు. టిక్కు. టిక్కు. తర్వాత హెస్కెత్ చేతిలోది కదల్లేదు. లోయిస్ చేతిలోది కదల్లేదు. మావిస్ చేతిలోది లాగీ లాగీ గోరు విరిగింది. ఆవిడ నోటివెంట వచ్చిన మాట విని హెస్కెత్ దగ్గాడు.

"ముందు వరసలోవన్నీ దొంగవే. వెనకవన్నీ మంచివి," అంది లోయిస్. "ముందు వరసలోకి ఎలా వచ్చాయి?"

మావిస్ కుర్చీలో కూలబడింది. "అవి వాపసు వచ్చినవి. సీలు కూడా విప్పలేదనుకున్నాను. అందుకే ముందు పెట్టాను, త్వరగా పోతాయని. క్లబ్బు కోసం ఒక అట్టపెట్టెడు కొన్నాడు, పొరపాటున రెండుసార్లు ఆర్డరు పెట్టామని వారం తర్వాత తిరిగి తెచ్చాడు. బంగారంలాంటి మనిషి, కాదని ఎలా అంటాను?"

"మంచివి తీసుకెళ్ళి, అవే డబ్బాల్లో దొంగవి పెట్టి తెచ్చాడు," అన్నాడు హెస్కెత్. "మంచివి ఎక్కడో అమ్ముకున్నాడు. ఎవరా బంగారం?"

"నెవిల్ డోలన్."

లోయిస్‌కి ఆ సగం తిన్న ద్రాక్షగుత్తి కళ్ళముందు మెదిలింది. "వాపసు వచ్చినవాటిలో క్లెమ్‌కి ఒకటి పోయింది. ఇక్కడున్నవి పోను, ఇంకేమైనా అమ్మారా?"

"ఒక్కటే. హాలు పాత రెగ్యులేటర్ కారుతోందని పొద్దున అక్కడి తోటమాలి బ్రూస్ పరిగెత్తుకొచ్చి..." మావిస్ ముఖం పాలిపోయింది. "హాల్లో ఉన్నది కూడా ప్లాస్టిక్ పీపాయే. దాని చుట్టూ జనం..."

హెస్కెత్ గోడ గడియారం వైపు చూశాడు. ఉపన్యాసం మొదలై ఉంటుంది.

లోయిస్ అప్పటికే డోలన్‌కి ఫోను చేస్తోంది. చాలాసేపు మోగాక హాల్లోని కోలాహలమంతా ఒక్కసారి చెవిలో పడింది.

"డోలన్‌ని మాట్లాడుతున్నాను! త్వరగా చెప్పండి, ఒక చేత్తో మైకు, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని ఉన్నాను. ఇప్పుడే గ్యాసు తెరవబోతున్నాం."

"నెవిల్, నేను లోయిస్ పాస్కో. ఒక్క మాట. ఆ సిలిండర్‌కి ఉన్నది మీ పాత రెగ్యులేటర్ కాదు. పొద్దున బ్రూస్ మావిస్ షాపు నుంచి కొత్తది తెచ్చి బిగించాడు."

అవతల ఫోను నేల మీద పడిన చప్పుడు. ఆ వెంటనే హాలంతా దద్దరిల్లేలా మైకులో డోలన్ గొంతు.

"బ్రూస్, చెయ్యి తియ్యి! ముట్టుకోకు! అందరూ బయటికి! బయటికి నడవండి! గ్లాసులు వదిలేయండి!"

కుర్చీలు పడుతున్న చప్పుడు, పరుగులు, "నా గ్లాసు మాత్రం వదలను!" అని ఎవరో అరవడం. హెస్కెత్ ఫోనుకు చెవి ఆనించి విని, లోయిస్ వైపు చూశాడు.

"మీరు అది నకిలీదని చెప్పలేదు."

"చెప్పలేదు."

"ప్రమాదమనీ చెప్పలేదు."

"అనలేదు," అంది లోయిస్, కారు తాళాలు తీస్తూ. "అది తెలిసినవాడు ఊళ్ళో ఒక్కడే. వాడే ఇప్పుడు మైకులో చెబుతున్నాడు."

* * *

వాళ్ళు వెళ్ళేసరికి క్లబ్బు జనమంతా పచ్చిక మీద ఎండలో నిలబడి, ఇది పోటీలో భాగమా కాదా అని వాదించుకుంటున్నారు. గ్లాసు ఒక్కరూ వదల్లేదు. సిలిండర్ మూసే ఉంది. లోయిస్ రెగ్యులేటర్ విప్పి రింగు లాగి చూసింది. అదీ బొమ్మే.

డోలన్ పచ్చిక అంచున బెంచీ మీద ఒంటరిగా కూర్చున్నాడు. పారిపోయే ప్రయత్నం చెయ్యలేదు. టై ఊడదీసి మడత పెట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"కాస్త నాసిరకం అనుకున్నాను, అంతే," అన్నాడు తల ఎత్తకుండా. "క్లెమ్ సంగతి విన్నాక గానీ నాకు... ద్రాక్షపళ్ళు పట్టుకుని వెళ్ళాను. మొహం చూసి చెప్పేద్దామనే వెళ్ళాను."

"చెప్పకుండా పళ్ళు తినేసి వచ్చారు," అంది లోయిస్. "చెప్పి ఉంటే ఈ హాలు ఖాళీ చేయించే పని ఉండేది కాదు. కానీ చేయించారు. అది కూడా రాస్తాను. మావిస్‌కి ఇచ్చినవి పోను ఇంకేమైనా ఉన్నాయా?"

"వాపసు ఇచ్చింది ఒక్క మావిస్ షాపులోనే కాదు. బెండిగోలో ఇచ్చాను. జీలాంగ్‌లో ఇచ్చాను."

హెస్కెత్ అప్పటికే ఫోను తీశాడు. "బెండిగో షాపులు నావి. జీలాంగ్ మీది. ఈసారి మీకన్నా ముందు పూర్తి చేస్తాను, సార్జంట్ గారూ," అంటూ పచ్చిక మీదనే పరుగు లంకించుకున్నాడు.

డోలన్ జేబులో ఫోను గణగణమంది. తీసి చూసి అలాగే బిగుసుకుపోయాడు. లోయిస్ అతని భుజం మీదుగా తొంగి చూసింది. జీలాంగ్‌లో ఉన్న అతని కూతురు టెస్ పంపిన ఫోటో. వంటింటి బల్ల మీద పుట్టినరోజు కేకు, చుట్టూ చుట్టాలు, మధ్యలో నిగనిగలాడే ప్లాస్టిక్ పీపా. పక్కనున్న సిలిండర్‌కి నీలం మూతతో, జీలాంగ్ షాపు ధర చీటీ కూడా ఇంకా తీయని కొత్త రెగ్యులేటర్.

డోలన్ వెంటనే నంబరు నొక్కాడు. మోగింది. మళ్ళీ మోగింది. ఎవరో ఎత్తారు. పాటలు, నవ్వులు, వాటి మధ్య అల్లుడి హుషారైన గొంతు.

"నెవిల్! సరిగ్గా సమయానికి చేశారు! ఒక్క నిమిషం ఉండండి, టెస్ గ్యాసు తిప్పుతోంది..."

లోయిస్ డోలన్ చేతిలోంచి ఫోను లాక్కుని గొంతు చించుకుని అరిచింది.

అవతల, నవ్వుల వెనక, సన్నగా బుస్సుమనే చప్పుడు అప్పటికే మొదలైంది.